కచ్చురం చేసినోళ్ళెవరు?

ముందే చెప్పేస్తున్నా, ఇది సాఫ్ట్‌వేర్ గురించిన రాత కాదు. జావా, క్లౌడు, ఏఐ వగైరాల కోసం వచ్చినవాళ్ళు ఈసారికి నన్ను క్షమించి పక్క దుకాణం చూసుకోవచ్చు. ఇది చెక్క గురించి, అందులోనూ వంకర చెక్క గురించి. మేం వడ్లోళ్ళం. మా తాత బండ్లు చేసాడు, మా పెద్దబాపు బండ్లు చేసాడు, మా బాపు హైదరాబాద్ వచ్చి ఒక ఫర్నిచర్ షాపులో మంచాలు చేసాడు, నేను కీబోర్డు కొడుతున్నాను. చేతులు పని చేసే వంశంలో వేళ్ళు మాత్రమే పని చేసే మొదటివాడిని నేనే అన్నమాట.

విషయం ఏంటంటే, మొన్నటి చలికాలంలో మా పెద్దబాపుకి ఒక పని వచ్చింది. ఒక మ్యూజియం ప్రదర్శన కోసం కచ్చురం చేసివ్వాలి. కచ్చురం అంటే తెలియనివాళ్ళ కోసం: ఎడ్లబండే, కాకపోతే పైన కమానులాగా వంచిన గూడు ఉంటుంది, లోపల మెత్తటి పరుపు, ముందూ వెనకా తెర. కోస్తావాళ్ళు గూడుబండి అంటారు. మా వైపు దొరలు, దొరసానులు ఊరికెళ్ళాలంటే అందులోనే వెళ్ళేవాళ్ళు. పెద్దబాపుకి డెబ్భై దాటాయి. చివరిసారి బండి గిర్ర (చక్రాన్ని మేం గిర్ర అంటాం) చేసి ఇరవై ఏళ్ళయింది. మా అన్న, అంటే ఆయన కొడుకు, హనుమకొండలో ప్లాస్టిక్ కిటికీలు బిగిస్తాడు. అందుకని వాట్సాప్‌లో డ్రాయింగులు చూడటం, అవతలివాళ్ళతో మాట్లాడటం నా పని అయింది. ప్రాజెక్ట్ మేనేజర్‌ని అని గొప్పగా చెప్పుకున్నాను గానీ, నిజానికి నీళ్ళ బకెట్లు మోసినవాణ్ణి. అదీ చెబుతాను.

మా ఊరు జనగామకీ పాలకుర్తికీ మధ్యన. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాని ముక్కలు చేసినప్పుడు మేం జనగామ జిల్లాలో పడ్డాం. మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అప్పుడే విడిపోయాయి. మ్యాపులో గీతలు మారాయి గానీ, ఒక బండి చేయాలంటే ఈ మూడు జిల్లాలూ తిరగాల్సిందే. అది నాకు ఈ పనిలోనే తెలిసింది.

గిర్రలో ప్రధానమైనవి మూడు. నడిమి దుంగ, దాంట్లోంచి బయటికి వెళ్ళే ఆకులు, ఆ ఆకుల కొసల మీద కూర్చునే వంపు ముక్కలు. వీటికి ఊరికో పేరుంది, అందుకే మామూలు మాటల్లోనే చెబుతున్నాను. (1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది, వ్యవసాయం మాటలతో. ఒకే పనిముట్టుకి ఎన్ని పేర్లో చూడాలంటే అది తిరగేయండి. నిఘంటువు కోసం పొలాల వెంట తిరిగిన పండితులు మనకి ఉన్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.) మా పెద్దబాపు చేసిన గిర్రకి ఆకులు 12, వంపు ముక్కలు 6. ఒక్కో ముక్క మీద రెండేసి ఆకులు.

ఇప్పుడు ఇంజనీర్లకి ఒక ప్రశ్న. గుండ్రటి అంచుని చెక్కతో ఎలా చేస్తారు? నేను చిన్నప్పుడు చెక్కని వంచుతారనుకునేవాణ్ణి. వంచే దేశాలు ఉన్నాయి. 1922లో టూటన్‌ఖామన్ సమాధి తెరిస్తే అందులో ఆరు రథాలు దొరికాయి. ఈజిప్టువాళ్ళు చెక్కని వంచి రథాలు చేసేవాళ్ళు. మన వడ్లాయన చెక్కని వంచడు. వంపు ఉన్న చెట్టునే వెతుక్కుంటాడు. నల్లతుమ్మ కొమ్మ ఎక్కడ సహజంగా వంగిందో, ఆ వంపు తన గిర్ర వంపుకి దగ్గరగా ఉందో లేదో చూస్తాడు. ఎందుకంటే నిటారు చెక్కలోంచి వంపు ముక్క కోస్తే, చెక్కలోని నార ముక్క కొసల దగ్గర అడ్డంగా తెగిపోతుంది. బరువు పడగానే అక్కడే పగులుతుంది. వంపు చెట్టుదే అయితే నార కూడా వంపుతో పాటే పోతుంది.

అంటే చెట్టుని చూసి లోపలున్న ముక్కని చూడాలి. పెద్దబాపు నన్ను బండెక్కించుకుని (మోటారు బండే లెండి) రెండు రోజులు తిప్పాడు. మా చెరువు శిఖంలో ఒకప్పుడు తుమ్మలు గుంపులుగా ఉండేవి. పూడిక తీసినప్పుడు అన్నీ పోయాయి. చెరువు బాగయింది, ఆ పని తప్పని నేననను. కానీ గిర్రకి కొమ్మ దొరకలేదు. చివరికి మహబూబాబాద్ వైపు, ఒక రైతు గట్టు మీద దొరికింది. మహబూబాబాద్ పాత పేరు మానుకోట. మాను అంటే చెట్టు. పేరులో మాను ఉన్న ఊరికెళ్ళి మాను తెచ్చుకున్నామని నేను జోకేస్తే పెద్దబాపు నవ్వలేదు. ఆయన కొమ్మకేసి చూస్తున్నాడు. చేతిలో ఒక్క కర్ర. దాన్ని కొమ్మ మీద ఆనించి, "ఇండ్ల రెండు ముక్కలెల్తయి" అన్నాడు.

ఆ కర్ర పొడవెంతో తెలుసా? సరిగ్గా గిర్ర నడిమి నుంచి బయటి అంచు దాకా ఉన్నంత. అంటే వ్యాసార్థం. వృత్తాన్ని ఆరు సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం కొస నుంచి కొసకి దూరం వ్యాసార్థంతో సమానం. ఇది మనం ఎనిమిదో తొమ్మిదో తరగతిలో కంపాస్‌తో ఆరు రేకుల పువ్వు గీసినప్పుడు చూసిందే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదంలో ఇదే సూత్రం ఉంది, ఆ వెంటనే వచ్చే శ్లోకంలో 20,000 వ్యాసానికి 62,832 చుట్టుకొలత అని ఉంటుంది. మా పెద్దబాపు చదివింది మూడో తరగతి. ఆయనకి ఆర్యభటుడు తెలియదు. ఆర్యభటుడికి ఈ లెక్క తట్టినప్పుడు ఎదురుగా బండి గిర్ర ఏమైనా ఉందా అని నాకొక అనుమానం. నిరూపించలేను, వదిలేద్దాం :)

ఆకులకి టేకు కావాలి, గూడుకి వెదురు కావాలి. అవి భూపాలపల్లి అడవి సరుకు. మా తాత రోజుల్లో ఆ అడవుల నుంచి కర్ర బండ్లమీద దిగేదట. ఇప్పుడు డిపో, రసీదు, పర్మిట్. అడవి మిగలాలంటే ఆ కట్టడి ఉండాల్సిందే. ఏటూరునాగారం అడవిని 1953లోనే అభయారణ్యం చేసారు (ఇప్పుడది ములుగు జిల్లా, 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లిలోనే ఉండేది). కానీ లారీల లెక్కన కొనేవాడికీ, పన్నెండు ఆకులకి సరిపడా ముక్క కొనేవాడికీ ఒకటే కాగితాల దారి. సామిల్లు ఓనరు మా కాగితాలు చూసి, "ఇంత దానికి ఇంతగనం తిరిగిండ్రా?" అన్నాడు. తిరిగాం.

సరే, ముక్కలన్నీ బాడిసతో చెక్కి, ఉలితో బెజ్జాలు కొట్టి, గిర్ర బిగించాడు. నేను ఫోటో తీసి ప్రదర్శనవాళ్ళకి పంపాను. పది నిమిషాల్లో జవాబు: అంచు ముక్కల మధ్య సందులు కనిపిస్తున్నాయి, ఫినిషింగ్ బాలేదు, జిగురూ రంపపు పొట్టూ కలిపి పూడ్చేయండి. దాంతోపాటు ఇంకో సలహా కూడా ఇచ్చారు. ఇది నడిచే బండి కాదు కాబట్టి ఇనుప పట్టా వేడి చేసే తతంగం అక్కర్లేదు, సన్నటి రేకు చుట్టి స్క్రూలు కొట్టి నల్ల రంగేస్తే చాలు, ఖర్చూ తగ్గుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కదా, క్లయింట్ చెప్పింది న్యాయంగానే తోచింది. వెళ్ళి పెద్దబాపుకి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సందు లేకుంటే పట్ట దేన్ని గుంజుతది బిడ్డా?" అన్నాడు.

అప్పుడు అర్థమయింది. ఆ సందులు తప్పు కాదు, కావాలని వదిలినవి. ఒక్కోటి మూడు మిల్లీమీటర్లు, జొన్నగింజ ఇరుక్కునేంత. గిర్ర చుట్టూ తాడు పెట్టి కొలిచి, ఆ కొలత కన్నా ముప్పాతిక అంగుళం తక్కువగా ఇనుప పట్టా చేస్తారు. మామూలుగా అయితే ఎక్కదు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, ముగ్గురు మనుషులు పట్టుకార్లతో పట్టుకొచ్చి గిర్ర మీద వేసి, సుత్తెలతో దింపి, వెంటనే నీళ్ళు పోస్తారు. ఇనుము చల్లబడి దగ్గరికి ముడుచుకుంటుంది. ఆరు సందులూ మూసుకుపోతాయి, ఆకులు నడిమి దుంగలోకి ఇంకా లోతుగా దిగుతాయి. ఒక్క మేకు లేకుండా, ఒక్క చుక్క జిగురు లేకుండా ఇరవై ఇరవై అయిదు ముక్కలు ఒకే వస్తువు అయిపోతాయి.

లెక్క చూద్దాం. గిర్ర వ్యాసం 60 అంగుళాలు, చుట్టుకొలత 188.5 అంగుళాలు. ఇనుము ఒక్కో డిగ్రీకి లక్షలో 1.2 వంతు పెరుగుతుంది. 500 డిగ్రీల వేడి పెంచితే పట్టా పెరిగేది 1.13 అంగుళాలు. అందులో ముప్పాతిక పోతే చుట్టుకొలతలో మిగిలేది 0.38 అంగుళం, వ్యాసంలో చూస్తే సుమారు 3 మిల్లీమీటర్లు. అదీ పట్టా ఎక్కడానికున్న వెసులుబాటు. అరంగుళం ఎక్కువ తగ్గించి చేస్తే పట్టా ఎక్కదు, బలవంతాన ఎక్కించినా ఆకులు విరుగుతాయి. అరంగుళం తక్కువ తగ్గిస్తే ఎండాకాలంలో పట్టా ఊడి పక్క పొలంలోకి దొర్లిపోతుంది. ఈ లెక్కంతా నేను స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూపిస్తే పెద్దబాపు బొటనవేలు చూపించాడు. ఆయన స్కేలు అదే. నా ముప్పాతిక అంగుళానికీ, ఆయన బొటనవేలి ముందు భాగం వెడల్పుకీ పెద్ద తేడా లేదు.

పట్టా రోజు ఊళ్ళో కమ్మరి లేడు. వెల్డింగ్ షాపు కుర్రాడు పట్టా అతికించాడు. పిడకలు మూడిళ్ళ నుంచి తెచ్చాం. ఇక బకెట్ల సంగతి: నేనూ ఇంకో ఇద్దరూ బోరు దగ్గర్నుంచి నీళ్ళు మోసాం. పట్టా చెక్క మీద పడగానే పొగ, ఒక్క క్షణం మంట, నీళ్ళు పోయగానే ఆవిరి, ఆ ఆవిరిలోంచి చెక్క మూలిగిన చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా పెద్దబాపు చెవి అటే పెట్టి నిలబడ్డాడు. తర్వాత గిర్రని వేలితో కొట్టాడు. ఖంగుమంది. సందులు వెతికాను, ఒక్కటీ లేదు. అన్నీ ఎక్కడికి పోయాయో మరి.

ఇంతవరకు సంతోషంగానే ఉంది. అసలు సంగతి ఇప్పుడొస్తుంది.

కచ్చురం పక్కన పెట్టే వివరణ ముసాయిదా నాకు పంపారు, తెలుగు తప్పులు చూడమని. సారాంశం ఏంటంటే, ఒకనాటి దొరల వైభవానికి గుర్తు, గ్రామీణ కళాకారుల నైపుణ్యానికి తార్కాణం. తప్పులేమీ లేవు, తెలుగు బాగానే ఉంది. పెద్దబాపుకి చదివి వినిపించాను. "మీ తాత చేసిన కచ్చురం సంగతి నీకు చెప్పలేదా?" అన్నాడు.

మా తాత కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక దొర గడీకి కచ్చురం చేసాడట. నాలుగు నెలల పని. ఆ నాలుగు నెలలూ రైతుల నాగళ్ళు, గుంటకలు మూలకి పడ్డాయి. కూలి అడిగితే, "నీ ఇంటి ముందర చింతచెట్టు ఎవరిదిరా?" అన్నాడట దొర. అంతే, ఇంకో మాట లేదు. చింతచెట్టు ఎవరిదో మా తాతకి తెలుసు, ఇల్లున్న జాగా కూడా ఎవరిదనబోతారో తెలుసు. తిరిగొచ్చేసాడు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. దీనికి పేరుంది: వెట్టి. వడ్రంగి, కమ్మరి దొరలకి వ్యవసాయ పనిముట్లు ఉచితంగా చేసివ్వాలి, చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, రైతు తన బండినీ ఎడ్లనీ పంపాలి. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో రాసిన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ జాబితా వరుసగా ఉంటుంది. అందులోనే దొర కుటుంబం బండిలో పోతుంటే ముందూ వెనకా పరుగెత్తాల్సిన మనుషుల సంగతి కూడా ఉంది. కచ్చురంలో కూర్చున్నవాళ్ళకి తెర ఉండేది. బయట పరుగెత్తేవాడికి దుమ్ము ఉండేది.

వడ్రంగికి మామూలుగా జీతం ఎలా వచ్చేదో కూడా చెప్పుకోవాలి. ఊళ్ళో రైతులందరికీ ఏడాది పొడవునా నాగలి, గుంటక బాగుచేస్తే, పంట కల్లంలో ఇంటికింత అని ధాన్యం కొలిచేవాళ్ళు. వడ్లాయనకి వడ్లన్నమాట. ఎస్.సి. దూబే 1955లో శామీర్‌పేట గురించి రాసిన 'ఇండియన్ విలేజ్' పుస్తకంలో హైదరాబాద్ పక్కన ఈ ఏర్పాటు ఎలా నడిచేదో ఉంటుంది. దాన్ని కూడా మరీ బంగారు కాలమని అనలేం, కొలత ఎప్పుడూ రైతు చేతిలోనే. కానీ అదొక ఒప్పందం. వెట్టి ఒప్పందం కాదు.

మా ఊరి చుట్టుపక్కల ఈ చరిత్ర మరీ దగ్గర. విసునూరు పాలకుర్తి మండలంలో, కడవెండి దేవరుప్పుల మండలంలో, రెండూ ఇప్పుడు జనగామ జిల్లాలోనే. విసునూరు దేశ్‌ముఖ్ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట లాక్కోబోతే సంఘం అడ్డుపడింది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కణ్ణుంచి పోరాటం పాకింది, సంఘాలు వెట్టి బంద్ అన్నాయి. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించారు. ఆ రోజుల్లో బండి యాదగిరి కట్టిన పాట ఇప్పటికీ అందరి నోళ్ళలో ఉంది. 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో నా తరానికి చేరింది. ఆ పాట మొదలయ్యేదే బండ్ల వరుసతో. ఆ పాట వెయ్యిసార్లు విని ఉంటాను. ఆ బండ్లన్నీ ఎవరు చేసారని ఒక్కసారి కూడా అనుకోలేదు. వడ్లోళ్ళ ఇంట్లో పుట్టి!

మా తాత మాత్రం పోరాటం అయ్యాక తన మొదటి కూలి గిర్ర గురించి చెప్పేవాడట. ఒక చిన్న రైతు జత గిర్రలు చేయించుకుని నాణేలు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. ఎంతో పెద్దబాపుకి గుర్తులేదు. లెక్కపెట్టి ఇచ్చాడన్నదే గుర్తుంది.

దొరలకి కచ్చురం ఉన్నట్టే ఊరికి బండి ఉండేది. దాని కథ వేరు. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా, 1889కల్లా బెజవాడ దాకా వచ్చింది. జనగామ, మహబూబాబాద్ రెండూ ఆ దారిలోవే. రైలొస్తే బండ్లు పోతాయనుకుంటాం. జరిగింది తలకిందులు. సరుకు స్టేషన్ దాకా చేర్చడానికి ఎడ్లబండి అవసరం ఇంకా పెరిగింది. బండిని దెబ్బకొట్టింది రైలు కాదు, తర్వాత వచ్చిన రబ్బరు టైరూ ట్రాక్టరూ. డన్‌లప్ బండి వచ్చాక గిర్ర చేసే పని పోయి, నొగలు కాడి చేసే పని మిగిలింది. ట్రాక్టర్ వచ్చాక అదీ పోయింది. మధ్యలో ఎన్.ఎస్. రామస్వామి అని ఒకాయన, బెంగళూరు ఐఐఎంకి మొదటి డైరెక్టరు, ఎడ్లబండిని మెరుగుపరచాలని జీవితమంతా మొత్తుకున్నాడు. దేశంలో కోటికి పైగా ఎడ్లబండ్లున్న రోజుల్లో, మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే పెద్దమనిషి ఎడ్ల మెడ మీద పుండు గురించి మాట్లాడితే జనం నవ్వారు. నాకు ఆయన మీద గౌరవం.

ఇప్పటికీ బండి పూర్తిగా పోలేదు. మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రస్వామి జాతరకి శివరాత్రప్పుడు ప్రభబండ్లు కడతారు. రెండేళ్ళకోసారి మేడారానికి బండి కట్టుకుని పోయేవాళ్ళు ఇంకా కొందరున్నారు. అక్కడ బండి పక్కన వివరణ బోర్డు అక్కర్లేదు. ఎక్కి కూర్చున్న పిల్లకాయలకి అదేంటో తెలుసు. బోర్డు కావాల్సొచ్చేది పని ఆగిపోయిన వస్తువుకే. అప్పుడు బోర్డు మీద ఏం రాస్తామో అదే మిగులుతుంది. అందుకే నా గొడవ.

ఇంగ్లండులో జార్జ్ స్టర్ట్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. 1884లో తండ్రి పోతే ఫార్నమ్ ఊళ్ళో వాళ్ళ బండిచక్రాల కార్ఖానా ఈయన నెత్తిన పడింది. పని రాదు. పనివాళ్ళని చూసి నేర్చుకున్నాడు. 1923లో 'ది వీల్‌రైట్స్ షాప్' అని పుస్తకం రాసాడు. ఏ చెట్టు ఎందుకు, ఏ ముక్క ఎంత వంపు, పట్టా ఎలా ఎక్కించాలి, అన్నీ ఉంటాయి, పనివాళ్ళ పేర్లతో సహా. 1951లో రీడింగ్‌లో పల్లె జీవితం మీద పెద్ద మ్యూజియం వచ్చింది, అక్కడ బండ్లు వరుసగా పెట్టారు. ఆ బండ్లు చూసేవాడికి స్టర్ట్ పుస్తకం తోడుంది. మాకు జనగామలోనే ఒక ఉదాహరణ ఉంది చూడండి. పెంబర్తి ఇత్తడి పని లోకమంతా తెలుసు, జీఐ గుర్తింపు కూడా ఉంది. గుడి తలుపులకీ రథాలకీ ఇత్తడి రేకు తొడుగుతారు. రేకు మీద పువ్వూ లతా అందరూ చూస్తారు. రేకు కింద ఆ వంపు తిరిగిన చెక్క ఎవరు చెక్కారో ఎవరూ అడగరు, ఎందుకంటే అది కనపడదు. కంచరివాళ్ళని తక్కువ చేయడం కాదు, వాళ్ళ పేరు వాళ్ళకి న్యాయంగానే వచ్చింది. కింద చెక్క కూడా ఉందని గుర్తు చేయడమంతే.

ప్రోగ్రామర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, మ్యూజియంలో మనం దాచేది నడిచిన ప్రోగ్రామ్ ఫలితాన్ని. సోర్సు కోడు ఆ ముసలాయన తలలో ఉంది, కామెంట్లు ఒక్కటీ లేవు, బ్యాకప్ తీయాల్సినవాళ్ళు హనుమకొండలో కిటికీలు బిగిస్తూ, హైదరాబాద్‌లో మీటింగుల్లో కూర్చుని ఉన్నారు. ఇందులో నా తప్పు ఎంతో నాకు తెలుసు. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు బాడిస పట్టమని ఆయన రెండుసార్లు పిలిచాడు, నేను పరీక్షలన్నాను. ఆయనకి నా మీద కోపమేం లేదు. "గీ పని నేర్చుకోని ఏం దింటవు?" అని ఆయనే అన్నాడు తర్వాత. అది కూడా నిజమే. వడ్రంగం వదిలేసినందుకు మేం బాగుపడ్డాం. చేతివృత్తుల మీద కన్నీళ్ళు కార్చేవాళ్ళని నేను పెద్దగా నమ్మను, వాళ్ళ పిల్లలెవరూ బాడిస పట్టలేదు. కులవృత్తిని పట్టుకుని వేలాడమని ఎవరికీ చెప్పను. పని ఆగిపోవచ్చు. కానీ ఎలా చేసారో, ఎవరు చేసారో, దానికి ఏమిచ్చారో రాసిపెట్టుకోవడానికి ఎవరూ ఆ పనిలోనే బతకక్కర్లేదు కదా?

ప్రదర్శనవాళ్ళకి మూడు అడిగాను. ఒకటి, చేసినవాడి పేరు బోర్డు మీద ఉండాలి. రెండు, గిర్ర సందులతో ఉన్నప్పటి ఫోటో, పట్టా ఎక్కిస్తున్న ఫోటో, మూసుకున్నాక ఫోటో, మూడూ వరుసగా పెట్టాలి, సందు ఎందుకో రెండు ముక్కలు రాయాలి. మూడు, ఇలాంటి కచ్చురాలకి ఒకప్పుడు కూలి ఇవ్వలేదన్న మాట ఎక్కడో ఒకచోట ఉండాలి.

మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోది చూసి సంతోషించారు కూడా, ఫినిషింగ్ బాలేదన్న ఆవిడే ఫోటోలు ఎంచి పెద్దవి చేయించింది, సందు సంగతి ముందే చెప్పి ఉండాల్సిందని నన్నే కోప్పడింది. న్యాయమే. మూడోది కమిటీకి వెళ్ళింది. ప్రదర్శన ఆనందంగా చూసి వెళ్ళేందుకు కదా, ఇప్పుడవన్నీ ఎందుకని ఎవరో అన్నారట. వైభవం అని రాయొచ్చు గానీ, ఆ వైభవం ఎవరి జేబులోంచి వచ్చిందో రాయకూడదా? అలా అడిగాను. జవాబు ఇంకా రాలేదు.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. మా తాత చేసిన కచ్చురం ఏ గడీలో చెదలు పట్టిపోయిందో తెలియదు. పెద్దబాపు చేసినది ఏసీ గదిలో, తాడు కట్టిన ఆవరణలో, ముట్టుకోవద్దన్న బోర్డు వెనక ఉంది. మొదటి రోజు ఆయన్ని తీసుకెళ్ళాను. తాడు దాటి వెళ్ళి గిర్రని వేలితో కొట్టి చెవి పెట్టాడు. సెక్యూరిటీ అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. ఆయనే చేసాడని చెప్తే ఆ అబ్బాయి బోర్డు మీద పేరు చూసి, ఆయన్ని చూసి, ఊరుకున్నాడు.

అడ్వాన్సు పోను మిగతా డబ్బులు మొన్ననే వచ్చాయి. బ్యాంకులో పడ్డా సరే, పెద్దబాపు నాతో డ్రా చేయించాడు. అరుగు మీద కూర్చుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. నేను ఫోన్లో బ్యాలెన్స్ చూపిస్తే చాలదా అంటే నాకేసి చూసి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మీ ఊళ్ళో ఇంకా గిర్ర చేయగలిగినవాళ్ళు, లేదా మగ్గం గుంట తవ్వగలిగినవాళ్ళు, చెరువు తూము బిగించగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం వాళ్ళ దగ్గర కూర్చోండి. ఫోన్లో వీడియో తీయండి. వాళ్ళకి ఏమిచ్చేవాళ్ళో కూడా అడగండి. అది ఎవరూ అడగరు.